ఏపీఓఈ రిపోర్టు చేతికొస్తే: రెండు అక్షరాల నుంచి మెదడులోని మైక్రోగ్లియా దాకా

ఇంట్లో పెద్దవాళ్లకు అల్జీమర్స్ అని తేలగానే పిల్లలు "మాకూ వస్తుందా?" అని అడుగుతారు. ఉమ్మితో చేసే డీఎన్‌ఏ కిట్ల వల్ల చాలామంది దగ్గర ఆ ప్రశ్నకు సంబంధించిన ఫైలు ఇప్పటికే ఉంటోంది. దాన్ని తప్పుగా చదివి భయపడేవాళ్లూ ఉన్నారు, తప్పుగా చదివి నిశ్చింతగా ఉండేవాళ్లూ ఉన్నారు. ఆ ఫైలులో అల్జీమర్స్ ముప్పుతో ముడిపడిన ఏపీఓఈ అనే జన్యువును సరిగ్గా చదవడం, అందులోని అక్షరాలకూ మైక్రోగ్లియా అనే మెదడు రోగనిరోధక కణాలకూ ఉన్న సంబంధం, ఆ తర్వాత చేయాల్సిన పనులు ఇక్కడ వరుసగా ఉన్నాయి.

పరీక్షకు ముందు మూడు తరాలు గీయండి

తెల్ల కాగితం మీద తాతలు, అమ్మమ్మ, నానమ్మ, వాళ్ల పిల్లలు, మీ తరం వరుసగా రాయండి. ప్రతి పేరు పక్కన రెండు అంకెలు ఉండాలి: మతిమరుపు మొదలైన వయసు, చనిపోయిన వయసు. మొదలైన వయసు అంటే డాక్టరు జబ్బుకు పేరు పెట్టిన రోజు కాదు. తెలిసిన వీధిలో దారి తప్పడం, అడిగిందే మళ్లీ అడగడం, పాలవాడి లెక్క కూడా తేలకపోవడం ఎప్పుడు మొదలైందో అది. పక్షవాతం వచ్చినవాళ్ల పక్కన ఆ మాట కూడా రాయండి. స్ట్రోకుల వల్ల వచ్చే డిమెన్షియానూ అల్జీమర్స్‌నూ మన ఇళ్లలో "ముసలితనపు చాదస్తం" కింద కలిపేస్తారు. రెంటి దారులు వేరు.

కాగితం చూస్తే మీరు ఏ పరీక్ష వైపు వెళ్లాలో తెలుస్తుంది. తరం తర్వాత తరంలో 30ల నుంచి 50ల మధ్యే జబ్బు మొదలైతే అది ఏపీఓఈ వ్యవహారం కాకపోవచ్చు. 14వ క్రోమోజోమ్‌లోని ప్రిసెనిలిన్-1, 1వ క్రోమోజోమ్‌లోని ప్రిసెనిలిన్-2, 21వ క్రోమోజోమ్‌లోని ఏపీపీ జన్యువుల్లో మార్పు ఉందేమో చూడాలి. అది తల్లి నుంచి వచ్చినా తండ్రి నుంచి వచ్చినా ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది, వచ్చినవాళ్లకు జబ్బు దాదాపు ఖాయం. ఇలాంటి కుటుంబాలు ఇంటి కిట్టు జోలికి వెళ్లకుండా జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. రక్తం ఇవ్వకముందే "ఫలితం తెలిస్తే ఏం చేస్తాం, ఎవరికి చెబుతాం" అన్న చర్చ అక్కడ జరుగుతుంది. ఆ చర్చ దాటవేయవద్దు.

మేనరికాలు ఉన్న ఇళ్లలో ఇంకో అరుదైన సంగతి గమనించాలి. 20లు, 30లలో మడమలు, మణికట్లు చిన్న దెబ్బకే విరగడం, ఆపైన 30లు, 40లలో ప్రవర్తన మారిపోయి మతి తప్పడం కనిపిస్తే నాసు-హకోలా జబ్బు కావచ్చు. ట్రెమ్2 లేదా టైరోబీపీ జన్యువు రెండు కాపీలూ చెడిపోతే వస్తుంది. దగ్గరి బంధువుల పెళ్లిలో ఒకే చెడు కాపీ రెండు వైపుల నుంచీ కలిసే అవకాశం ఎక్కువ. ట్రెమ్2 పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మిగతా కుటుంబాలకు, అంటే 65 దాటాక జబ్బు వచ్చినవాళ్లున్న చాలా ఇళ్లకు, ముందు చూడాల్సింది 19వ క్రోమోజోమ్‌లోని ఏపీఓఈ.

ఫైలులో చూడాల్సిన రెండు చోట్లు

ఏపీఓఈ ప్రొటీన్‌లో 299 అమైనో ఆమ్లాలు ఉంటాయి. 112వ స్థానంలో, 158వ స్థానంలో ఏముందన్న దాన్ని బట్టి ఈ2, ఈ3, ఈ4 అనే రకాలు. రెండు చోట్లా సిస్టీన్ ఉంటే ఈ2. 112లో సిస్టీన్, 158లో ఆర్జినిన్ అయితే ఈ3. రెండు చోట్లా ఆర్జినిన్ అయితే ఈ4. ఒక్కో తల్లిదండ్రి నుంచి ఒక్కో కాపీ కాబట్టి మీ ఫలితం ఎప్పుడూ జంటగానే ఉంటుంది.

రా డేటా ఫైలును జిప్ నుంచి విప్పి మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. లక్షల వరుసలుంటాయి, ఫోన్‌లో కంటే కంప్యూటర్‌లో మేలు. పైన ఉన్న వివరణలో ఏ జీనోమ్ బిల్డ్ (డీఎన్‌ఏ స్థానాలకు అంకెలిచ్చే పటం వెర్షన్) వాడారో చూడండి. ఇప్పుడు ఆర్ఎస్429358 కోసం వెతకండి, ఫైలులో rs429358 అని ఉంటుంది. ఆర్ఎస్ అంకె అంటే డీఎన్‌ఏలో మనిషికీ మనిషికీ తేడా ఉండే ఒక చోటుకు పెట్టిన గుర్తు. బిల్డ్ 37లో దాని స్థానం 45411941, బిల్డ్ 38లో 44908684. తర్వాత ఆర్ఎస్7412 (rs7412). బిల్డ్ 37లో 45412079, బిల్డ్ 38లో 44908822. రెంటి మధ్య దూరం 138 అక్షరాలే. స్థానం అంకె సరిపోతేనే ముందుకు వెళ్లండి.

మొదట 429358 దగ్గరున్న జంట, తర్వాత 7412 దగ్గరున్న జంట (టి అంటే ఫైలులోని T, సి అంటే C):

టిటి, సిసి అయితే ఈ3/ఈ3.
టిసి, సిసి అయితే ఈ3/ఈ4.
సిసి, సిసి అయితే ఈ4/ఈ4.
టిటి, సిటి అయితే ఈ2/ఈ3.
టిటి, టిటి అయితే ఈ2/ఈ2.
టిసి, సిటి అయితే ఈ2/ఈ4.

ఈ ఆరింటిలోనూ లేని జంట వస్తే, ఉదాహరణకు సిసి, సిటి అని కనిపిస్తే, ముందు పరీక్షనే అనుమానించండి. అలా రావాలంటే ఈ1 అనే అత్యంత అరుదైన రకం ఉండాలి.

ఎక్కడ తప్పుతుంది

అక్షరాలు టి, సి కాకుండా ఎ, జి కనిపిస్తే డీఎన్‌ఏ రెండో పోగును చదివారని అర్థం. ఎ ఉన్నచోట టి, జి ఉన్నచోట సి అనుకుని మళ్లీ చూడండి. గీతలు లేదా సున్నాలు ఉంటే కిట్టు కంపెనీ వాడే డీఎన్‌ఏ చిప్ ఆ చోటును చదవలేకపోయిందని. అది "మార్పు లేదు" అన్నమాట కాదు.

పూర్తి జీనోమ్ చేయించి వీసీఎఫ్ ఫైలు తెచ్చుకున్నవాళ్లు పడే గుంట వేరు. ఆ ఫైళ్లలో సాధారణంగా రిఫరెన్స్‌కు, అంటే పోల్చి చూసే ప్రామాణిక జీనోమ్‌కు, భిన్నంగా ఉన్న చోట్లే రాస్తారు. రిఫరెన్స్‌లో ఉన్నది ఈ3. కాబట్టి రెండు వరుసలూ కనిపించకపోతే ఈ3/ఈ3 కావచ్చు. లేదా ఆ చోటు సరిగా చదవబడక వరుస రాలిపోయి ఉండవచ్చు. ఏపీఓఈలోని ఈ భాగం జి, సి అక్షరాలతో కిక్కిరిసి ఉంటుంది, ఎక్సోమ్ (ప్రొటీన్ల తయారీ భాగాలనే చదివే) పరీక్షల్లో ఇక్కడ రీడ్లు పలచబడతాయి. ఆ రెండు చోట్లా రీడ్ డెప్త్ (ఎన్నిసార్లు చదివారన్న లెక్క) ఎంతో చెప్పమని ల్యాబ్‌ను అడగండి. సమాధానం రాకపోతే ఆ ఫలితాన్ని పక్కన పెట్టండి.

ఏ నిర్ణయమైనా దీని మీద ఆధారపడబోతుంటే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యత చూసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో ఈడీటీఏ ట్యూబులో తీసిన రక్తంతో మళ్లీ చేయించండి. పాత పద్ధతిని ఇంకా వాడే చోట్ల 244 అక్షరాల ముక్కను పీసీఆర్‌తో పెంచి, జిసిజిసి దగ్గర కోసే హెచ్‌హెచ్ఏ-1 ఎంజైమ్‌తో కోసి, జెల్ మీద చూస్తారు. ఈ2కు 91, 83 గీతలు (ఈ అంకెలు ముక్క పొడవు, అక్షరాల్లో). ఈ3కు 91, 48. ఈ4కు 72, 48. ఎంజైమ్ పూర్తిగా కోయకపోతే 83 గీత మిగిలిపోయి, లేని ఈ2 ఉన్నట్టు కనిపిస్తుంది. 91 మిగిలితే ఈ4/ఈ4 మనిషి ఈ3/ఈ4గా తేలతాడు. అందుకే జెల్ పద్ధతిలో ప్రతిసారీ తెలిసిన శాంపిళ్లను కంట్రోళ్లుగా పక్కనే నడపాలి. ల్యాబ్‌లో పనిచేసే విద్యార్థులకు ఒక మాట: పీసీఆర్ ముక్కే రాకపోతే ఎక్కువసార్లు కారణం ఆ జి, సి ముడులే. మిశ్రమంలో 5 నుంచి 10 శాతం డీఎంఎస్‌ఓ కలిపి చూడండి.

అదే ఫైలులో ట్రెమ్2 ఆర్47హెచ్ మార్పును (ఆర్ఎస్75932628, మామూలు అక్షరం సి, మార్పు టి) వెతికేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చిప్‌లు అరుదైన మార్పులను చదవడంలో బలహీనం, లేని మార్పును ఉన్నట్టు చూపడం మామూలే. ఈ మార్పు యూరోపియన్లలోనే నూటికి ఒకరికన్నా తక్కువ మందిలో ఉంటుంది. చిప్ "ఉంది" అంటే సాంగర్ సీక్వెన్సింగ్‌తో (ఆ చోటును అక్షరం అక్షరంగా చదివే పద్ధతి) నిర్ధారణ అయ్యేదాకా లేదనే అనుకోండి.

అక్షరం నుంచి అంకెకు

యూరోపియన్ మూలాల వాళ్లలో ఈ3/ఈ3తో పోలిస్తే ఒక ఈ4 ఉంటే అల్జీమర్స్ ముప్పు సుమారు 3 రెట్లు, రెండుంటే సుమారు 12 రెట్లు. ఈ2 ఉంటే కొంత తగ్గుతుంది. రెట్లు వినడానికి భయంకరంగా ఉంటాయి. కాబట్టి శాతాల్లో చూడండి: 60లు, 70ల మొదట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 85 ఏళ్లలోపు తేలికపాటి జ్ఞాపక లోపమో డిమెన్షియానో వచ్చే అవకాశం ఈ3/ఈ3కు సుమారు 10–15 శాతం, ఈ3/ఈ4కు 20–25 శాతం, ఈ4/ఈ4కు 30–55 శాతం. అంటే ఒక ఈ4 ఉన్న పది మందిలో ఏడెనిమిది మంది 85 దాకా దాని బారిన పడరు. మరోవైపు 2024లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో ఈ4/ఈ4 ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ 65 నాటికి మెదడు నీటి పరీక్షలో అమిలాయిడ్ (అల్జీమర్స్‌లో మెదడులో గడ్డలుగా పేరుకునే ప్రొటీన్) మార్పులు కనిపించాయి. జబ్బు గుర్తులు ఉండటం, జబ్బు బయటపడటం రెండూ ఒకటి కావు.

ఈ అంకెలన్నీ ఎక్కువగా తెల్లవాళ్ల లెక్కలు. ఆఫ్రికన్ మూలాల వాళ్లలో ఈ4 ప్రభావం తక్కువ, తూర్పు ఆసియా వాళ్లలో ఎక్కువ. మన దేశంలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల్లో చేసిన ఇండో-అమెరికన్ అధ్యయనంలో ఈ4 కాపీల వాటా సుమారు 7 శాతం, పోల్చి చూసిన పెన్సిల్వేనియా ప్రాంతంలో 11 శాతం. ఈ4కూ జబ్బుకూ సంబంధం మాత్రం రెండు చోట్లా కనిపించింది. తెలుగువాళ్లకు ప్రత్యేకమైన శాతం చూపించే రిపోర్టు ఎక్కడైనా కనిపిస్తే, ఆ అంకె ఎవరి మీద లెక్కగట్టారో అడగండి.

ఈ అక్షరం మెదడులో ఏం చేస్తుంది

రిపోర్టులు ఇక్కడ ఒక్క వాక్యంతో దాటేస్తాయి. అసలు విషయం ఇక్కడే ఉంది.

మైక్రోగ్లియా అనేవి మెదడులో కాపురం ఉండే రోగనిరోధక కణాలు. పిండదశలో యోక్ శాక్ (పిండానికి అంటి ఉండే సంచి) నుంచి వచ్చి మెదడులో స్థిరపడతాయి, మెదడు కణాల్లో సుమారు 5 నుంచి 10 శాతం ఉంటాయి. కొమ్మల్లాంటి చేతులు చాచి చుట్టుపక్కల తడుముతూ, చచ్చిన కణాలను, పేరుకున్న ప్రొటీన్‌ను మింగుతాయి. స్పానిష్ శాస్త్రవేత్త పియో దెల్ రియో-ఒర్తేగా 1919లో వీటికి ఆ పేరు పెట్టాడు. అంతకుముందే అలోయిస్ అల్జీమర్ మైక్రోస్కోపులో గ్లియా (న్యూరాన్లకు తోడుండే) కణాల్లో కొవ్వు పేరుకోవడం గమనించి రాశాడు. ఆ పరిశీలన వందేళ్లు మూలన పడింది.

ఏపీఓఈ ప్రొటీన్ మెదడులో కొవ్వును మోసే బండి. దాన్ని ఎక్కువగా ఆస్ట్రోసైట్లు అనే గ్లియా కణాలు తయారు చేస్తాయి. మైక్రోగ్లియా రెచ్చిపోయినప్పుడు అవి కూడా తయారు చేస్తాయి. ఈ4 బండి సరుకు తక్కువ ఎత్తుతుంది. దాంతో కణం లోపలే కొవ్వు బొట్లు పేరుకుంటాయి. ఈ4/ఈ4 వాళ్ల మెదడుల్లో ఇలా కొవ్వు పట్టిన మైక్రోగ్లియా ఎక్కువని 2024లో స్టాన్‌ఫోర్డ్ బృందం చూపింది. అలాంటి కణాలు శుభ్రం చేసే పని తగ్గించి, పక్కనున్న న్యూరాన్లకు హాని చేసే పదార్థాలు వదులుతాయి.

ట్రెమ్2 అనేది మైక్రోగ్లియా పైపొర మీద ఉండే చేయి లాంటిది. అమిలాయిడ్‌ను, కొవ్వులను, ఏపీఓఈని అది పట్టుకుంటుంది. పట్టుకోగానే లోపల డాప్12, సిక్ అనే ప్రొటీన్ల ద్వారా కబురు వెళ్లి, కణం అమిలాయిడ్ గడ్డ చుట్టూ చేరి దాన్ని గట్టిగా బిగించి కంచె కడుతుంది. ఆర్47హెచ్ మార్పు ఉంటే పట్టు జారుతుంది. కంచె పలచబడి గడ్డ అంచులు ముళ్లలా విచ్చుకుంటాయి, పక్క నరాల పోగులు దెబ్బతింటాయి. ఒక్క కాపీలో ఆ మార్పు ఉన్నా ముప్పు సుమారు 3 రెట్లు అని 2012లో రెండు బృందాలు విడివిడిగా తేల్చాయి. ఒక ఈ4తో వచ్చేంత ముప్పు అది.

గడ్డను మింగలేక అవస్థ పడే కణంలో ఎన్ఎల్ఆర్‌పీ3 అనే ప్రమాద ఘంటిక మోగుతుంది. అది కాస్పేస్-1 అనే ఎంజైమ్‌ను లేపుతుంది, కాస్పేస్-1 ఐఎల్-1 బీటా అనే వాపు ప్రొటీన్‌ను తయారు చేసి బయటికి పంపుతుంది. అదే వాపు ప్రక్రియ. ఆ ఘంటిక ముక్కలు బయటపడి కొత్త అమిలాయిడ్ గడ్డలకు తోడు వేస్తాయని ఎలుకల్లో చూశారు. పెరుగుకు తోడు పడినట్టే. కాబట్టి మైక్రోగ్లియా మంచివా చెడ్డవా అన్న ప్రశ్నే సరికాదు. మొదట్లో వాటి పని మందగిస్తే నష్టం, తర్వాత వాటి కోపం తగ్గకపోతే నష్టం. మందుల ప్రయోగాలు తడబడుతున్నది ఈ కాలం లెక్క దగ్గరే. వాపు తగ్గించే నాప్రోక్సెన్, సెలికాక్సిబ్ మాత్రలు అల్జీమర్స్‌ను ఆపుతాయేమో చూసిన ప్రయోగంలో మేలు దొరకలేదు. ట్రెమ్2ను ప్రోత్సహించే ఒక యాంటీబాడీ కూడా తొలిదశ రోగుల్లో 2024లో విఫలమైంది.

అందుకని మతిమరుపు రాకుండా నొప్పి మాత్రలు రోజూ వేసుకోకండి. కడుపులో రక్తస్రావం, కిడ్నీ దెబ్బ మాత్రం నిజంగా వస్తాయి. పసుపు సారం గుళికలకూ ఇదే జవాబు. కూరలో పసుపు వేరు, ఒంటికి ఎక్కువగా పట్టేలా మిరియాల సారం కలిపిన పెద్ద మోతాదు గుళికలు వేరు. రెండో రకంతో కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. సీఆర్‌పీ (శరీరంలో వాపును చూపే ప్రొటీన్) రక్తపరీక్ష చేయించి మెదడు వాపు కొలిచామనుకోవడం కూడా పొరపాటు. అది శరీరమంతటి సంగతి. పంటి చిగురు వాచినా పెరుగుతుంది.

ఈ4 తేలినవాళ్లు చేయాల్సిన పని

ముందు బీపీ. 40 ఏళ్ల నుంచే పై అంకె 130 దాటకుండా చూసుకోవాలి. ఇంట్లో మెషీన్‌తో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక రెండుసార్లు కొలిచి రాసిపెట్టండి. తర్వాత ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్. ఈ4 ఎల్‌డీఎల్‌ను పెంచే గుణం ఉన్నది, మధ్యవయసులో ఎల్‌డీఎల్ ఎక్కువ ఉండటం డిమెన్షియా ముప్పు కారణాల్లో ఒకటిగా 2024 లాన్సెట్ కమిషన్ (లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం) చేర్చింది. ఆ కమిషన్ లెక్కలో వినికిడి లోపం, ఎల్‌డీఎల్ రెండూ సమానంగా పైన నిలిచాయి. మార్చుకోగల 14 కారణాలనూ పూర్తిగా తొలగించగలిగితే సుమారు 45 శాతం డిమెన్షియాను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని దాని అంచనా. మన ఇళ్లలో ఎక్కువ నిర్లక్ష్యం జరిగేది చెవి దగ్గరే. "నాన్నగారికి కాస్త వినపడదు" అని పదేళ్లు గడిపేస్తారు. ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించి, అవసరమైతే మెషీన్ పెట్టించండి. పెట్టుకున్నాక అలవాటు పడేందుకు కొన్ని వారాలు పడుతుంది, తీసి బీరువాలో పెట్టనివ్వకండి. షుగరు, పొగ, బరువు, నడక సంగతి అందరికీ తెలిసిందే.

మతిమరుపు ఇప్పటికే మొదలైతే జన్యు పరీక్ష కంటే ముందు బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించండి. శాకాహారం తినే ఇళ్లలో, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గడం మామూలే. దాన్ని సరిచేయవచ్చు. ఈ4 ఉందని అల్జీమర్స్ నిర్ధారణ చేయకూడదు, లేదని కొట్టిపారేయకూడదు. ఈ2/ఈ2 వచ్చినవాళ్లు సంతోషించేముందు లిపిడ్ ప్రొఫైల్ చూసుకోండి. వాళ్లలో కొందరికి కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు కలిసి పెరిగే జబ్బు వస్తుంది, అరచేతి గీతల్లో పసుపు రంగు కనిపిస్తుంది.

కొత్త ఇంజక్షన్లకు ముందు ఈ రిపోర్టు చూడాలి

తొలిదశ అల్జీమర్స్‌కు ఇచ్చే లెకనెమాబ్ అనే ఇంజక్షన్ అమిలాయిడ్‌కు అతుక్కుని, మైక్రోగ్లియా పట్టుకోవడానికి పిడిలా పనిచేస్తుంది. ఈ4 ఉన్నవాళ్లలో అమిలాయిడ్ రక్తనాళాల గోడల్లో కూడా పేరుకుంటుంది. దాన్ని లాగేటప్పుడు గోడ దెబ్బతిని మెదడులోకి నీరు ఊరుతుంది, చిన్న రక్తస్రావాలు వస్తాయి. దీన్ని ఆరియా అంటారు. పెద్ద ప్రయోగంలో నీరు చేరడం ఈ4 లేనివాళ్లలో 5.4 శాతం, ఒకటున్నవాళ్లలో 10.9, రెండున్నవాళ్లలో 32.6 శాతం. యూరప్‌లో 2025లో అనుమతి ఇచ్చినప్పుడు రెండు ఈ4 ఉన్నవాళ్లను మినహాయించారు.

అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు ఈ మందు మొదలుపెట్టే పిల్లలు మూడు సంగతులు రాసిపెట్టుకోవాలి. మొదటి డోసుకు ముందు ఎంఆర్ఐ, మొదటి నెలల్లో డాక్టరు చెప్పిన డోసుల ముందు మళ్లీ ఎంఆర్ఐ. ఏదీ వాయిదా వేయకండి, ఆరియా ఎక్కువగా తొలి డోసుల్లోనే వస్తుంది, చాలాసార్లు లక్షణం ఏమీ ఉండదు. తలనొప్పి, తికమక, చూపు మసకబారడం, నడక తడబడటం కనిపిస్తే ఇంజక్షన్ ఇచ్చే చోటుకు అదే రోజు ఫోన్ చేయాలి. పక్షవాతం లక్షణాలతో ఎమర్జెన్సీకి వెళితే ఈ మందు వాడుతున్నట్టు మొదటి మాటగా చెప్పాలి. ఆరియా చూడటానికి స్ట్రోకులా ఉంటుంది, గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రాణాంతకం కావచ్చు. పర్సులో ఒక చీటీ ఉంచండి.

ఫలితం ఎవరి చేతికి వెళుతుంది

అమెరికాలో 2008 నాటి జీనా చట్టం ఉద్యోగం, ఆరోగ్య బీమా విషయంలో జన్యు వివక్షను నిషేధిస్తుంది. జీవిత బీమా, డిసెబిలిటీ, లాంగ్ టర్మ్ కేర్ బీమాలకు అది వర్తించదు. అవి తీసుకోదలచినవాళ్లు ఆ సంగతి ముందే ఆలోచించుకుని తర్వాత పరీక్షకు వెళ్లాలి. డీఎన్‌ఏ కంపెనీ సైటులో మీ ఫైలు దించుకున్నాక శాంపిల్ నాశనం చేయమని, డేటా తొలగించమని విడివిడిగా కోరాలి, కొన్ని కంపెనీల్లో ఒకటి నొక్కితే రెండోది జరగదు.

ఇంట్లో చెప్పేముందు అడగండి. మీరు ఈ4/ఈ4 అయితే మీ అమ్మకూ నాన్నకూ చెరొక ఈ4 తప్పక ఉంటుంది, మీ పిల్లలందరికీ ఒక్కొక్కటి తప్పక వెళుతుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు ఉండవచ్చు. అది వాళ్ల హక్కు. మైనర్ పిల్లలకు ఈ పరీక్ష చేయించకండి. 18 దాటాక కావాలంటే వాళ్లే చేయించుకుంటారు.